రేడియో ఆపే గడియారం

పాప పడుకుంది. మా ఆయన కూడా పడుకున్నారు. ముందు గదిలో రేడియో సన్నగా మోగుతోంది. వినేవాళ్ళెవరూ లేరు. ఈ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్న నేను కూడా వినడం లేదు. కొన్నాళ్ళ క్రితమైతే ఈపాటికి గోడ మీది తాడు కదిలేది, స్విచ్చు దానంతటదే పైకి లేచేది, ఇల్లంతా సద్దుమణిగేది. ఆ ఏర్పాటు కావాలని పట్టుబట్టింది నేనే. దానివల్ల మా మామగారికి నిద్ర కరువైంది. చివరికి ఆయన మా ఇల్లే వదిలి వెళ్ళిపోయారు. ఈ సంగతి నేను ఎవరితోనూ చెప్పుకోలేదు. మా ఆయనతో కూడా సగమే చెప్పాను.

అప్పటికీ మేం నల్లగొండలో ఈ రెండు గదుల ఇంట్లోనే కిరాయికి ఉన్నాం. మా ఆయనకు కరెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మామగారు నకిరేకల్ అవతలి ఊళ్ళో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. కళ్ళు మసకబారి పడుగులో పోగు కనిపించకుండా పోయాక, అదే ఏడు మా అత్తగారు కూడా పోయాక, మా దగ్గరికి వచ్చారు. పెద్దకొడుకు ఊళ్ళోనే ఉండి రెండు మగ్గాలు నడుపుతున్నాడు. మా పుట్టింటివాళ్ళదీ ఆ నేత కులమే గాని నాకు మగ్గం కొత్త. మా తాత కాలంలోనే మా వాళ్ళు నేత మానేశారు. మా నాయిన జడ్చర్ల స్టేషన్లో టికెట్ల గుమాస్తా. పట్టాలకు ఆనుకున్న క్వార్టర్లో నేను పెరిగాను. హైదరాబాదులో కాలేజీలో చేరినప్పుడు మొదటి నెలంతా హాస్టల్లో నిద్రపట్టేది కాదు. ఏం లోపమో చాలా రోజులు తెలియలేదు. తర్వాత తెలిసింది, రాత్రి రెండు గంటల గూడ్సుబండి చప్పుడు లేదు. ఆ మాట చెబితే గదిలో అమ్మాయిలు వారం రోజులు నన్ను "గూడ్సుబండి" అని పిలిచారు.

ఇంత తెలిసిన దాన్ని నేను.

మామగారి మంచం ముందు గదిలో, రేడియో స్టూలు పక్కనే ఉండేది. మా ఆయన ఉద్యోగం ఖాయమైన సంవత్సరం కొన్న రేడియో అది. చెక్క పెట్టె, ముందర గుడ్డ, మీట తిప్పితే రెండు నిమిషాలకు గాని మాట రాదు. పొద్దు గూకగానే ఆయన దాన్ని పెట్టించుకునేవారు. పెద్ద చప్పుడేమీ కాదు, చిన్నగానే. ఏ కార్యక్రమమైనా ఆయనకు ఒకటే. పాడిపంటలు, నాటకం, ఉర్దూ వార్తలు, అన్నిటికీ ఒకేలా కళ్ళు మూసుకుని పడుకునేవారు.

"ఏం చెప్పిండ్రు మామా?" అని నేను ఆట పట్టించేదాన్ని.

"ఏమో బిడ్డా. ఏదో చెప్తుండ్రు. మంచిగనే చెప్తుండ్రు."

"విననప్పుడు పెట్టుడెందుకు మరి? బంద్ చెయ్యనా?"

"ఉండనియ్యి. నోరున్న డబ్బా, మాట్లాడుకోనియ్యి."

అలాగే నిద్రపోయేవారు. ఆ తర్వాత ఎప్పుడో లేచి నేను ఆపేదాన్ని. ఆపిన ప్రతిసారీ ఆయన చీకట్లో ఉలిక్కిపడి తల ఎత్తి "తెగిందా?" అనేవారు. "రేడియో బంద్ చేసిన మామా" అంటే, "ఆఁ, మంచిది" అని మళ్ళీ పడుకునేవారు. పడుకునేవారంటే, తల దిండు మీద పెట్టేవారు. నేను చూసింది అంతవరకే. పొద్దున మా ఆయనతో చెబితే నవ్వారు.

"బాపు కలల గూడ మగ్గమే నేస్తున్నడు. పోగు తెగినట్టున్నది."

నేనూ నవ్వాను.

పాపకు అయిదో నెలలో జ్వరం వచ్చింది, జ్వరంతో పాటు ఫిట్సు వచ్చాయి. దవాఖానలో లేడీ డాక్టరు మందిచ్చి, "భయం లేదు, కానీ పిల్ల నిద్ర చెడకుండా చూసుకోండి" అంది. భయం లేదన్న మాట నా చెవికి ఎక్కలేదు. నిద్ర చెడకూడదన్నదే ఎక్కింది. ఆ రోజు నుంచి పాప నిద్రకు నేను కాపలాదారునయ్యాను. గిన్నె కింద పెట్టాలన్నా బట్ట వేసి పెట్టేదాన్ని. మా ఆయన ఇంట్లో చెప్పులు వేసుకోవడం మానేశారు. దగ్గు వస్తే వాకిట్లోకి వెళ్ళేవారు.

రేడియోతోనే కష్టం. రాత్రి ముదిరేకొద్దీ మన స్టేషను మీదికి ఎక్కడిదో దూరదేశపు స్టేషను వచ్చి కూర్చునేది. సన్నగా మోగుతున్నది ఒక్కసారి గట్టిగా అరిచి, మళ్ళీ సన్నబడేది. ఆ అరుపుకు పాప కళ్ళు తెరిచేది. నేను లేచి ఆపుదామంటే ఒక్కోసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేదాన్ని. అలాంటి ఒక రోజు తెల్లవారి లేచి చూస్తే రేడియో రాత్రంతా మోగుతూనే ఉంది. వెనక అట్ట మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పెనంలా కాలింది. కాలిన దుమ్ము వాసన, వార్నిషు వాసన. పక్కనే మామగారి దుప్పటి అంచు వేలాడుతోంది. దాన్ని ఇవతలికి లాగేశాను. అదే అంటుకుని ఉంటే?

ఆ పగలంతా అదే ఆలోచన. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాను.

"ఇగో, ఎవ్వరు లేవకుండ రేడియో దానంతటదే బంద్ కావాలె. ఏదన్న చెయ్యుండ్రి."

"దానంతటదే ఎట్లయితది? దానికేమన్న చేతులున్నయా?"

"మీది కరెంటాఫీసు గద!"

"నేను బిల్లులు రాసేటోన్ని, వైర్లు గుంజేటోన్ని కాదు" అన్నారు. కానీ ఆదివారం పొద్దున్నే అలారం గడియారం ముందు వేసుకుని కూర్చున్నారు. గడియారం వెనకాల అలారానికి చావి ఇచ్చే చెవి ఒకటి ఉంటుంది. అలారం మోగుతున్నంతసేపూ ఆ చెవి వెనక్కి తిరుగుతుంది. దానికి దారం కడితే దారం చుట్టుకుంటుంది, చుట్టుకుంటే లాగుతుంది. ఆ దారం రెండో కొస గోడ మీది స్విచ్చుకు కడితే సరి. కట్టారు. అలారం గణగణా మోగింది, దారం బిగిసింది, స్విచ్చును కిందికి లాగింది. రేడియో మోగుతూనే ఉంది. పాప లేచి ఏడ్చింది.

మంచం మీద కూర్చుని వింటున్న మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"కరెంటాఫీసుల జీతం తీసుకుంటవ్. స్విచ్చు కిందికంటే చాలూ, మీదికంటే బంద్ అని తెల్వదారా నీకు? ఉన్నదాన్నే ఇంకా గుంజుతున్నవ్."

"అయితే నువ్వు చెయ్యి బాపు, చూస్త."

"ఇటు తే."

కళ్ళు సరిగ్గా కనిపించని మనిషి, మూడు రోజులు వేళ్ళతో తడుముకుంటూ ఆ పని చేశారు. తన ఇనుప పెట్టె తీయించి అడుగున గుడ్డలో చుట్టి ఉన్న గిలక ఒకటి తీశారు. మగ్గం మీద తాడు నడిచే చిన్న కొయ్య గిలక, చేతుల నూనెకు నల్లబడి నున్నగా ఉంది. మగ్గం దిగి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది అదొక్కటేనని అప్పుడే నాకు తెలిసింది. దాన్ని స్విచ్చుకు పైన, గోడకు కొట్టించారు. స్విచ్చుకు కట్టిన తాడు ఆ గిలక మీదుగా వచ్చి ఇవతల ఒక ఇసుక సంచికి చేరింది. సంచి కిందికి పడితే స్విచ్చు పైకి లేవాలి. సంచిని పట్టి ఉంచే చిన్న పుల్లను గడియారం దారం లాగేయాలి. ఇసుక ఎక్కువైతే స్విచ్చు విరుగుతుంది, తక్కువైతే లేవదు. ఆయన సంచిని అరచేతిలో ఎత్తి చూసి చిటికెడు తీసేవారు, మళ్ళీ ఎత్తి చూసి అర చిటికెడు పోసేవారు. పడుగు బిగువు చూసుకునే చేతికి ఆ లెక్క తెలుసు. దారానికి గంజి పట్టించి ఆరబెట్టారు. తెగిన పోగులు అతికే ముడి వేశారు, గోటితో గీరినా తగలనంత చిన్న ముడి. గంట మోగకుండా లోపల పాత పంచె గుడ్డ కుక్కారు.

అంతా అయ్యాక నన్ను పిలిచి అడిగారు.

"ఎన్ని గంటలకు బంద్ గావాలె బిడ్డా?"

"పదింటికి మామా."

ఆయన చెయ్యి గడియారం మీద ఒక్క క్షణం ఆగింది. "పదింటికా" అన్నారు. మళ్ళీ "సరే, పదింటికే" అన్నారు. ఆ ఆగడం నేను చూశాను. ముల్లు ఎటు తిప్పాలో తడుముకుంటున్నారేమో అనుకుని, గడియారం తీసుకుని నేనే తిప్పాను.

ఆ రాత్రి ముగ్గురం గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. పది అయింది. గుడ్డలోంచి టకటకమని చిన్న చప్పుడు. పుల్ల జారింది, సంచి దిగింది, గిలక ఒక్క చుట్టు తిరిగింది, స్విచ్చు టక్కుమని పైకి లేచింది. రేడియోలో దీపం ఆరిపోయింది. మా ఆయన సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు పాప లేచింది.

"పని చేసిందిరా!" అన్నారు మామగారు చీకట్లో. ఆ గొంతులో సంబరం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పాప పుట్టాక అంత నిద్ర అదే మొదలు. తర్వాత రాత్రి కూడా. ఆ తర్వాత రాత్రి కూడా. ఇరుగుపొరుగు చూడటానికి వచ్చారు. "మీ ఇంట్ల రేడియోకు గూడ పండుకునే టైమున్నదట గద, మా ఇంటాయనకు ఒకటి కట్టియ్యరాదు!" అంది ఎదురింటి పంతులుగారి భార్య. మామగారు మీసాల్లో నవ్వుకున్నారు.

నెల తిరిగాక నేను ముల్లు తొమ్మిదిన్నరకు జరిపాను. ఆయనకు చెప్పలేదు.

"ఇయ్యాల జల్ది బంద్ అయినట్టున్నదేంది?" అని చీకట్లో అడిగారు.

"పిల్ల లేస్తాంది మామా."

"అట్లనా. అయితే మంచిదే."

ఆ మాట తర్వాత నేను ఇంకేమన్నా అడగవలసింది. అడగలేదు. రాత్రుళ్ళు నాకు మెలకువ వచ్చినప్పుడల్లా ముందు గదిలో నులక మంచం కిర్రుమనేది. కుండ మీద మూత కదిలేది. తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు, తర్వాత అరుగు మీద నుంచి బీడీ వాసన. ముసలితనం అనుకునేదాన్ని. పెద్దవాళ్ళకు నిద్ర తక్కువని అందరూ అంటారు కదా, నేనూ అదే అనుకున్నాను. అట్లా అనుకుంటే నేను చేయవలసిన పని ఏమీ ఉండదు.

పగలు ఆయన కూర్చున్నచోటే కునికేవారు. అన్నం ముద్ద చేతిలో ఉండగా కునికేవారు. "జర ముఖం కడుక్కోండ్రి మామా" అనేదాన్ని.

పాప ఆయన దగ్గరే పెరుగుతోంది. పాకడం మొదలుపెట్టిన రోజులు. నేను వంట చేసుకుంటుంటే ఆయన పాపను ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుని, దాని వేళ్ళకు దారం చుట్టి విప్పుతూ ఆడించేవారు. ఆ మనిషి లేకపోతే నాకు పూట గడిచేది కాదు. ఒకనాటి మధ్యాహ్నం వంటింట్లో ఉండగా దబ్బున చప్పుడు, వెంటనే పాప కేక. పరుగెత్తాను. పాప అరుగు కింద మెట్టు మీద పడి ఉంది. నుదురు చిట్లి రక్తం. ఆయన కునికారు, పాప ఒళ్ళోంచి జారింది. అప్పటికే ఆయన కిందికి దిగి తువ్వాలతో దాని నుదురు అదిమి పట్టుకున్నారు.

నేను పాపను లాక్కున్నాను. ఫిట్సు వస్తాయేమోనన్న భయంలో నోటికి ఏదొస్తే అది అన్నాను.

"చూసుకునుడు చేతగాకుంటే చెప్పుండ్రి మామా, నా పిల్లను నేనే చూసుకుంట. పట్టపగలు గీ నిద్రేంది?"

ఆయన తువ్వాలను నాలుగు మడతలు పెట్టి, రక్తం మరక లోపలికి వచ్చేలా మడిచి, భుజాన వేసుకున్నారు.

పాపకు ఏమీ కాలేదు. సాయంత్రానికి బొప్పి కూడా తగ్గింది. కానీ ఆ రోజు తర్వాత ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకోలేదు. అది పాక్కుంటూ ఆయన మంచం దగ్గరికి పోతే "అమ్మ కాడికి పో తల్లీ, అమ్మ కాడికి పో" అని మెల్లగా పక్కకు తిప్పేవారు. అది మళ్ళీ ఆయన వైపే తిరిగేది.

ఎనిమిదో రోజున అన్నారు.

"పెద్దోని కాడికి పోయొస్త బిడ్డా. చూసి శాన దినాలాయె."

"ఉండండ్రి మామా" అని నేను ఒక్కసారే అన్నాను. రెండోసారి అనలేదు. లోపల ఎక్కడో తేలిక పడ్డాను కూడా. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం అది. మా ఆయన ఆయన్ని నకిరేకల్ బస్సెక్కించి వచ్చారు. ఇనుప పెట్టె తీసుకెళ్ళారు. గిలక మాత్రం గోడ మీదే ఉంచారు.

పోయొస్తానన్న మనిషి నెల అయినా రాలేదు. రెండు నెలలైనా రాలేదు. ఉత్తరం రాస్తే "ఇక్కడ మంచిగున్నది, పిల్ల పైలం" అని ఎవరిచేతో రాయించిన కార్డు ముక్క వచ్చింది.

ఏడాది దాటాక మా యారాలు, అంటే మా బావగారి భార్య, చిన్నకొడుక్కి పుట్టువెంట్రుకలు తీస్తున్నామని కబురు పెట్టింది. పాపను ఎత్తుకుని వెళ్ళాం. ఆ ఊరికి ఇంకా కరెంటు రాలేదు. వారంలో ఇవ్వవలసిన చీరలు మిగిలి ఉన్నాయని బావగారూ, మరో ఆయనా లాంతర్లు పెట్టుకుని రాత్రి దాకా నేస్తున్నారు. ఒకే గదిలో రెండు మగ్గాలు. పోగును మోసే నాడె అటు కొట్టుకుని ఇటు కొట్టుకుంటుంటే గోడలు అదిరే చప్పుడు. పాప పడుకోదేమోనని నేను హడలిపోయాను. నీళ్ళ చెంబు పట్టుకుని ఆ గది గుమ్మంలోకి వెళ్ళి చూస్తే, మగ్గాలకు రెండడుగుల దూరంలో మంచం వేసుకుని మామగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. పక్కనే మా పాప, ఎప్పుడు ఎక్కిందో, ఆయన చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

ఇంతలో రెండు మగ్గాలూ ఒక్కసారి ఆగాయి.

మామగారు ఉలిక్కిపడి తల ఎత్తారు. "తెగిందా?"

"తెగలే బాపు, నీళ్ళు తాగుతున్నం. నువ్వు పండుకో" అన్నారు బావగారు. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన తల దిండుకు తగిలేలోపే నిద్రపోయారు.

చెంబు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. గూడ్సుబండి లేక నెల రోజులు కళ్ళు మూయని పిల్ల నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లను నేనే.

"మీ కాడ నిద్రే లేకుండెనట గద చెల్లె?" అంది యారాలు, బియ్యం చెరుగుతూ, మామూలుగా. "వచ్చిన కొత్తల రెండు దినాలు లేవకుండ పండుకున్నడు. మేం భయపడి నీళ్ళు తాపి చూసినం. ఆయనకు చప్పుడు ఆగితే నిద్ర ఆగుతది. మా కాడ ఎప్పటి సందో గట్లనే."

తెల్లారి ఆయన రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే దారపు కండెలు చుడుతున్నారు. ఆ పనికి కళ్ళు అక్కరలేదు. పాప దారం కొస పట్టుకుని పక్కన కూర్చుంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"మామా, రేడియో బంద్ అయితే మీకు నిద్ర రాకపోతుండెనా?"

ఆయన రాట్నం ఆపలేదు. "రాకపోతుండె."

"చెప్పాలె గద మామా!"

"చెప్తే నువ్వు బంద్ చెయ్యకపోతువు. పిల్ల లేస్తుండె గద. దానికి నిద్ర గావాలని డాక్టరమ్మ చెప్పె గద."

"నేను గా దినం గట్ల మాట్లాడకుండ ఉండాల్సింది..."

"గా ముచ్చటెందుకిప్పుడు. పిల్ల పడ్డది నా చేతులకెళ్ళే. నువ్వన్న దాంట్ల తప్పేమున్నది."

తప్పు లేదన్నందుకే నాకు ఏడుపు వచ్చింది. కునుకు ఆయనదే గాని, ఆ కునుకు తెచ్చింది నేనని చెప్పాను. వెక్కుతూ చెప్పాను. గడియారం తీసేస్తానన్నాను, రేడియో రాత్రంతా ఉంచుతానన్నాను, మాతో రమ్మన్నాను. ఆయన నిండిన కండె తీసి కొత్త కండె పెట్టారు.

"ఈడ కండెలు చుడ్తున్న బిడ్డా. చేతికి పనున్నది. మీ కాడ నాకేం పనున్నది చెప్పు?"

పిల్లను చూసుకోవడం ఉండింది. ఆ పని ఆయన చేతుల్లోంచి లాక్కున్నది నేనే. ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

బస్సు దాకా వచ్చారు. పాప ఆయన మెడ వదలనంటే మెల్లగా వేళ్ళు విడిపించి నాకు అందించారు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి అడిగారు.

"గిలక మంచిగ తిరుగుతాందా? వానకాలం కొయ్య ఉబ్బుతది. నెలకొకపారి చుక్క నూనె పెట్టు. లేకుంటే సంచి మధ్యల ఆగుతది, స్విచ్చు లేవది. మళ్ళ పిల్ల లేస్తది."

"పెడ్త మామా" అన్నాను.

ఇంటికి రాగానే గడియారం నుంచి దారం తీసేశాను. ముడి విప్పుదామని చాలాసేపు చూశాను, రాలేదు. ముడిని అలాగే ఉంచి దారాన్ని ఇవతల కత్తిరించాను. ఇప్పుడు రేడియో స్టేషను మూసేదాకా మోగుతుంది, ఆ తర్వాత కాసేపు ఉత్త గరగర. పాప దానికి లేవడం లేదు. అసలు మగ్గాల పక్కన పడుకున్న పిల్ల దీనికి లేస్తుందా? ఆ రోజుల్లో అది రేడియో అరుపుకు లేచేదో, నేను ఉలిక్కిపడి లేస్తే నాతో పాటు లేచేదో ఇప్పుడు చెప్పలేను.

వానలు మొదలయ్యాయి. ఇందాక స్టూలు వేసుకుని ఎక్కి గిలకకు ఒక చుక్క నూనె వేశాను. వేలితో తిప్పి చూశాను. మంచిగా తిరుగుతోంది.